మొదట ఎక్కే పిల్ల

కూతురి అరచేతిని ఒళ్లో పెట్టుకుని అమ్మ రాయితో మెల్లగా రుద్దుతోంది. మడమలు రుద్దుకునే రాయే అది. ఎవరింట్లోనైనా స్నానాలగదిలో ఉంటుంది. ఈ ఇంట్లో మాత్రం ముందుగదిలో, టీవీ పక్కన, గిన్నెడు నీళ్లలో ఉంటుంది. వేళ్ల మొదళ్లలో కాసిన కాయల్ని రోజూ కాస్త అరగదీయకపోతే, కమ్మీ పట్టుకుని ఊగేటప్పుడు అవి తోలుతో సహా లేచివస్తాయి. మరీ అరగదీసినా కష్టమే, లోపలి లేతచర్మం మండుతుంది. కాయ ఉండాలి, ఎత్తుగా ఉండకూడదు. అమ్మ కాసేపు రుద్ది, బొటనవేలితో తడిమి చూసి, మళ్లీ కాసేపు రుద్దుతోంది. కూతురు రెండో చేత్తో పాఠం పుస్తకం పట్టుకుని చదువుకుంటోంది. చెయ్యి మార్చమంటే పుస్తకం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వస్తుంది కానీ చూపు అక్షరాల మీంచి కదలదు.

"ఆడపిల్ల చేతులా అవి, రాళ్లు కొట్టేవాడి చేతులా," అంది అత్తగారు కుర్చీలోంచి.

"రాళ్లు కొట్టేవాడికి మార్కులు వెయ్యరు నానమ్మా," అంది మనవరాలు తల ఎత్తకుండా.

"నీకు మాత్రం ఏపాటి వేస్తున్నారే?"

అత్తగారు ఊరికే అన్నమాట అది. ఆవిడకి ఏ మాటైనా ఊరికే వస్తుంది, ఎక్కడ తగులుతుందో చూసుకోదు. అమ్మ చేతిలో రాయి మాత్రం ఆగింది.

"ఆదివారం పోటీకి వరస చెప్పారా?"

"ఊఁ."

"బీమ్ మీద నువ్వు ఎన్నోదానివి?"

"ఎన్నోదాన్నేంటమ్మా. మొదటిదాన్నే." పేజీ తిప్పింది. "ఎప్పుడు కాదు కనక."

జిమ్నాస్టిక్స్‌లో బీమ్ అంటే ఛాతీ ఎత్తున అడ్డంగా బిగించిన బెత్తెడు వెడల్పు దూలం. అత్తగారు దూలమనే అంటుంది. జట్టులో అయిదుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దాని మీదికి ఎక్కి, నడిచి, గెంతి, వెనక్కి పల్టీ కొట్టి మళ్లీ ఆ బెత్తెడు మీదే నిలబడి, చివరికి కిందికి దూకుతారు. ఈ ఇంటి పిల్ల చిన్నప్పట్నుంచీ మొదటే ఎక్కుతుంది. అందుకని హాలులో చిన్నపిల్లలందరూ ఆమెని ముందక్క అంటారు. అందరికన్నా చిన్నదాన్ని, ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడని పిల్లని, బుడ్డది అంటారు. బుడ్డది ఆఖర్న ఎక్కుతుంది.

అమ్మ కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. రోజంతా చూపు ఆననివాళ్లతోనే పని. 'ఇది కనపడుతోందా, ఇప్పుడో, పోనీ ఇప్పుడో' అని అడిగీ అడిగీ ఆమెకి దేన్నైనా రెండుసార్లు చూడటం అలవాటైపోయింది. పోయిన పోటీని కూడా రెండుసార్లు చూసింది. ముందక్క ఎక్కడా అడుగు తడబడకుండా ఆడి దిగింది. బుడ్డది అవే గెంతులు గెంతి, ఒకచోట తూలి, పడబోయి, చేతులు విసనకర్రల్లా ఆడించి నిలదొక్కుకుంది. బోర్డు మీద చూస్తే బుడ్డదాని మార్కు పైన, ముందక్క మార్కు కింద. మనకేం తెలుసులే అని ఊరుకోకుండా అమ్మ మిగతా జట్లని కూడా చూసింది. ఏ జట్టులోనైనా ఇదే తంతు. మొదటిపిల్లకి తక్కువ, రెండోదానికి కాస్త ఎక్కువ, ఆఖరిదానికి అందరికన్నా ఎక్కువ. మెట్లు కట్టినట్టు.

మామూలు పోటీ అయితే పోనీలే అనుకునేది. ఈ ఆదివారం పెద్దజట్టు మేడం వస్తోంది. అన్ని క్లబ్బుల పిల్లల్నీ చూసి, నచ్చిన ఒకరిద్దర్ని ఏరుకుని తన జట్టులోకి తీసుకుంటుంది. వచ్చే ఏడూ వస్తుంది కాబోలు, కానీ అప్పటికి ముందక్క స్కూలు చదువు అయిపోతుంది, దాంతోపాటు ఈ క్లబ్బూ అయిపోతుంది. పెద్దజట్టులోకి వెళ్తే ఇంకొన్నేళ్లు ఆడుతుంది. వెళ్లకపోతే ఈ కాయలు మెల్లగా మెత్తబడి, ఒకరోజు చూసుకుంటే ఏమీ ఉండవు.

"ఆ చెయ్యి ఇలా ఇయ్యి," అంది అమ్మ.

మర్నాడు షాపు తెరవకముందే అమ్మ హాలుకి వెళ్లింది. ఒకప్పుడు నూలుబేళ్లు దాచిన గోదాము అది. ఎత్తుగా రేకుల కప్పు, కప్పు కింద వరసగా కిటికీలు, కిటికీల్లోంచి పడే ఎండలో సుద్దపొడి తేలుతూ ఉంటుంది. ముందక్క స్కూల్లో ఉంది. ఆ వేళప్పుడు అయిదారేళ్ల పిల్లలే ఉంటారు. నేలమీద అతికించిన పట్టీ వెంబడి చేతులు చాపుకుని, నాలిక బయటపెట్టుకుని, తాడుమీద నడుస్తున్నంత జాగ్రత్తగా నడుస్తున్నారు. వాళ్ల కోచ్‌ని పిల్లలూ పెద్దలూ అందరూ మేడం అనే అంటారు. అరవై దాటిన మనిషి, ఒక మోకాలు వంగదు. బోర్లించిన చెక్కపెట్టె మీద ఆ కాలు చాపుకుని కూర్చుని టీ తాగుతోంది.

"మేడం, ఒక్క మాట."

"రెండు చెప్పండి. ముందు కూర్చోండి. అక్కడ కాదు, ఇక్కడ. ఆ బెంచీ మీద సుద్ద ఉంటుంది, లేచాక షాపులో అందరూ మీ వెనకే చూస్తారు."

అమ్మ కూర్చుంది. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఎటో పోయాయి. మిగిలిన ఒక్కటీ అడిగేసింది. "ఆదివారం మా అమ్మాయిని ఆఖర్న ఎక్కించకూడదా?"

మేడం పట్టీ మీద నడుస్తున్న ఒక పిల్లతో, "నీ కాలివేళ్లు నిద్రపోతున్నాయే, లేపు," అంది. ఆ పిల్ల వంగి తన కాలివేళ్ల వైపు అనుమానంగా చూసుకుని, వాటిని నిక్కబొడిచింది.

"మార్కులు చూశారన్నమాట," అంది మేడం అప్పుడు.

"చూశాను."

"జడ్జిలు చెడ్డవాళ్లు కారండీ. నేనెరిగినవాళ్లే. మొదటిపిల్ల ఎంత బాగా చేసినా పైమార్కు వెయ్యడానికి వాళ్లకి చెయ్యి రాదు. వెనకాల ఇంకా మంచిది వస్తే ఏం వెయ్యాలి అని కాస్త జాగా అట్టిపెట్టుకుంటారు. ఆఖరిపిల్ల వచ్చేసరికి ఆ జాగా అలాగే మిగిలిపోయి ఉంటుంది. అదంతా దానికి ధారపోస్తారు."

"అది అన్యాయం కదండీ."

"అన్యాయమే. నా చిన్నప్పట్నుంచీ ఉన్న అన్యాయం." టీ గుక్క మింగింది. "మొదట ఎవరు ఎక్కాలి మరి? చాలామంది చేతకాని పిల్లని పెడతారు. నేను పెట్టను. మొదటిది పడిందంటే వెనక నలుగురికీ మోకాళ్లు వణుకుతాయి. అందుకని పడనిదాన్ని పెడతాను. మీ అమ్మాయి పడదు."

"పడనందుకా ఈ శిక్ష?"

మేడం నవ్వింది. పెట్టె మీంచి కాలు దించి, లేచి, గోడ దగ్గరికి కుంటుకుంటూ నడిచింది. గోడనిండా ఫొటోలు. అన్నిటికన్నా పాతదాంట్లో మోకాళ్ల కిందిదాకా గౌన్లు, మందమైన మేజోళ్లు వేసుకున్న ఆడవాళ్లు వరసలుగా నిలబడి, చెక్కగదలు ఒకేసారి పైకెత్తి ఉన్నారు. ఒక్కరూ చిన్నపిల్ల కాదు.

"వీళ్లలో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల తల్లులున్నారు. అప్పట్లో ఒక్కొక్కరికి మార్కుల్లేవు, జట్టుకంతా కలిపి ఒకటే. ముందెవరు, వెనకెవరు అన్న గొడవే లేదు." వేలు పక్క ఫొటో మీదికి జరిగింది. ఉన్నిబట్టలో బిగుసుకుపోయిన ఒక పల్చటి పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఉంది. "ఇది నేను. అప్పటి బీమ్ ఒట్టి చెక్క, పైన తోలూ లేదు, మెత్తా లేదు. పడితే మోకాలు చిట్లేది. నాది అలా చిట్లిందే. తర్వాత్తర్వాత పిల్లలు చిన్నవాళ్లయిపోయారు. ఎంత చిన్నగా ఉంటే గాల్లో అంత గిర్రున తిరగొచ్చని. పదహారు దాటితే ముసలమ్మ అనేవాళ్లు. ఇప్పుడు మళ్లీ పెళ్లయినవాళ్లు కూడా ఎక్కుతున్నారు. ఇన్ని మారాయి. మొదటిపిల్ల మార్కు మాత్రం మారలేదు."

"మీరూ మొదటే ఎక్కేవారా?"

"ఎప్పుడూ."

"ఎవర్నీ అడగలేదా?"

"మా అమ్మ అడగలేదు," అంది మేడం. కాసేపు ఆ ఫొటోనే చూసి, "సరే. ఆదివారం మీ అమ్మాయిని ఆఖర్న పెడతాను. బుడ్డదాన్ని ముందు పెడతాను," అంది.

"బుడ్డదాన్నా? మధ్యలో వాళ్లెవరినైనా పెట్టచ్చుగా."

"మధ్యవాళ్లు మధ్యలోనే బాగుంటారు. మొదట ఎక్కిస్తే పడతారు. మీ అమ్మాయి తర్వాత పడనిది బుడ్డదే. ఎవరో ఒకరు ఎక్కాల్సిందేగా."

ఆ మాటకి అమ్మ పట్టీ మీద నడుస్తున్న చిన్నపిల్లల వైపు చూసింది. కానీ తల్లి మనసు త్రాసు కాదు కదా, ఒకవైపే మొగ్గింది. దండం పెట్టి వచ్చేసింది.

సాయంత్రం ముందక్క ఇంటికొచ్చి సంచీ గోడకి ఆనించి, బూట్లు విప్పకుండానే అడిగింది. "మేడంతో ఏమన్నావమ్మా?"

"అనాల్సిందే అన్నాను."

"నన్నడిగావా?"

"అడిగితే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు."

ఈ తర్కానికి అత్తగారు కుర్చీలో కదిలి కూర్చుంది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు పెద్దలు. ఇక్కడేమిటో కడబంతికే గిన్నె బోర్లిస్తున్నారట. వెళ్లి కూర్చోవే, పోయేదేముంది."

నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులకి గ్రీజు వదిలించుకుంటూ, "లిఫ్టులో ముందెక్కినవాడు ఆఖర్న దిగుతాడు, ఆఖర్న ఎక్కినవాడు ముందు దిగుతాడు. ఏం తేడా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనే కాసేపు నవ్వుకున్నాడు.

ఆ తర్వాత రోజుల్లో ముందక్క ఒక కొత్త విద్య నేర్చుకోవాల్సివచ్చింది. అది ఎదురుచూడటం. మొదట ఎక్కేదానికి ఒళ్లు వెచ్చబడగానే పిలుపు వస్తుంది. ఆఖరిదానికి అలాకాదు. నలుగురు ఎక్కి దిగేదాకా ఒళ్లు చల్లబడకుండా, మనసు వేడెక్కకుండా కూర్చోవాలి. ఇంట్లో కూడా అదే సాధన. వంటింటి గడప దగ్గర కళ్లు మూసుకుని నిలబడేది. అమ్మ గిన్నెలు తోముతూ ఓరకంట చూసేది. కాసేపటికల్లా కూతురి మడమలు వాటంతటవే లేచేవి.

"కుదరట్లేదు," అంది ఒకసారి కళ్లు తెరిచి. "బుడ్డదాన్ని అడిగాను, నువ్వెలా కూర్చుంటావే అని. మనసులో ఎక్కాలు చదువుకుంటుందట. తొమ్మిదో ఎక్కం సగంలో ఉండగా పిలుస్తారట."

"అదేమడిగింది నిన్ను?"

"బీమ్ చల్లగా ఉంటుందా అక్కా అని."

అమ్మ గిన్నె తోమటం ఆపలేదు. తోమిందే ఇంకోసారి తోమింది.

శుక్రవారం బుడ్డదాని తల్లి షాపుకి వచ్చింది. ఇద్దరూ ఎన్నేళ్లుగానో హాలులో ఒకే బల్లమీద కూర్చునేవాళ్లు, ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. ఆమె కళ్లద్దాలు తీసి గాజుబల్ల మీద పెట్టింది.

"ఈ కాడ వదులైంది వదినా. జారిపోతున్నాయి."

అమ్మ సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని మర బిగించింది. కాడ కొసని వేడిగాలి దగ్గర పట్టి మెత్తబడ్డాక, చెవి వెనక ఒదిగేట్టు వంచసాగింది. "చూపెలా ఉంది?"

"చూపు బాగానే ఉంది. వినికిడే ఎక్కువైంది. ఏవేవో వినపడుతున్నాయి."

"ఏం వినపడిందేంటి?"

"మాదాన్ని ముందుకి తోశారని."

అమ్మ కాడని రెండువేళ్ల మధ్య అలాగే పట్టుకుంది. అది చల్లారేదాకా వదలకూడదు. "నేనే అడిగాను వదినా. బుడ్డదాన్ని పెట్టమని అడగలేదు. మాదాన్ని ఆఖర్న పెట్టమని మాత్రం అడిగాను."

"తెలుసులే. మాది చిన్నది, దానికి ఇంకా ఎన్ని పోటీలో ఉన్నాయి, ఒక్కసారికి ఏమవుతుంది అని నాకు నేనే నచ్చచెప్పుకుంటున్నాను. అయినా కడుపు ఉడుకుతోంది."

"ఉడకనీ. నాది ఉడికీ ఉడికీ ఇప్పటికి పొంగింది."

బుడ్డదాని తల్లి నవ్వకుండా ఉండాలని చూసింది, పూర్తిగా కుదరలేదు. అద్దాలు పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపి, కిందికి వంచి చూసింది. జారలేదు. "ఆదివారం నీ పక్కనే కూర్చుంటాను. నా మొహం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దువుగాని," అని వెళ్లిపోయింది.

ఆదివారం అన్నట్టే పక్కన కూర్చుంది. గోడవారగా మెట్లమెట్లుగా వేసిన బల్లల మీద తల్లులూ తండ్రులూ కిక్కిరిసి ఉన్నారు. కింద నాలుగు మూలల్లో నాలుగు ఆటలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకచోట పరుగు, ఒకచోట కమ్మీల కిర్రుమన్న మోత, ఒకచోట పాట. బీమ్ దగ్గర మాత్రం చప్పుడు ఉండదు. దాని ఎదురుగా బల్ల వెనక జడ్జిలిద్దరూ, వాళ్లకి కాస్త ఎడంగా పెద్దజట్టు మేడం కూర్చున్నారు. ఆవిడ బూడిదరంగు కోటు వేసుకుని, చేతులు కట్టుకుని ఉంది. ఆ మొహంలో ఏ మాటా చదవడానికి లేదు.

వీళ్ల జట్టు వంతు వచ్చింది. బుడ్డది సుద్దగిన్నె దగ్గరికి వెళ్లి చేతులకి రాసుకుంది. మళ్లీ రాసుకుంది. ఇంకా రాసుకుంటూనే ఉంది, మోచేతులదాకా. బీమ్ వైపు తిరగటం లేదు.

"అది ఎక్కదు," అంది బుడ్డదాని తల్లి, పెదవులు కదలకుండా.

ముందక్క జాకెట్టు కప్పుకుని వెనక బెంచీ మీద కూర్చోవాలి. కూర్చోలేదు. తువ్వాలు తీసుకుని వచ్చింది. బీమ్‌ని ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కచేత్తో తుడుచుకుంటూ నడిచింది. వెనక్కి వచ్చి, పల్టీకి పాదం ఎక్కడ పెట్టాలో అక్కడ సుద్దతో సన్నటి గీత గీసింది. తను మొదట ఎక్కే రోజుల్లో తనకోసం ఎలా చేసుకునేదో అలాగే, తొందర లేకుండా. తర్వాత బుడ్డదాని చేతులు పట్టుకుని ఎక్కువైన సుద్దని దులిపేసింది. వంగి చెవిలో ఏదో అంది. బుడ్డది తల ఊపి, బీమ్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. జడ్జి చెయ్యెత్తేదాకా ముందక్క అక్కడే నిలబడి, అప్పుడు పక్కకి తప్పుకుంది.

బుడ్డది ఎక్కింది. అమ్మ చాలాసార్లు చూసిన ఆటే అయినా ఇలా ఎప్పుడూ చూడలేదు. చేతులు ఆడలేదు, నడుము ఊగలేదు. వెనక్కి పల్టీ కొట్టి గీతకి అవతల పాదం అతికించినట్టు నిలబడింది. దూకి, నేలమీద కదలకుండా నిలిచి, రెండు చేతులూ పైకెత్తింది. మొహమంతా నవ్వే.

బోర్డు మీద మార్కు పడింది. బుడ్డదానికి ఇంతకుముందెప్పుడూ అంత తక్కువ రాలేదు. తూలిన రోజు కూడా రాలేదు.

అమ్మ తల తిప్పి చూడటానికి కాసేపు పట్టింది. బుడ్డదాని తల్లి బోర్డునే చూస్తోంది, కొత్తగా బిగించిన అద్దాల్లోంచి.

"ఇన్నేళ్లూ ఇక్కడ ఇలాగే కూర్చున్నావా వదినా?" అంది.

అమ్మ సంచీలోంచి నీళ్లసీసా తీసి మూత తిప్పి ఇచ్చింది. ఆమె తాగి, మళ్లీ అమ్మకి ఇచ్చింది. అమ్మా తాగింది.

మధ్యవాళ్లు ముగ్గురూ పడకుండా ఆడారు. ఆఖర్న ముందక్క ఎక్కింది. ఎప్పుడూ ఎలా ఆడుతుందో అలాగే ఆడింది, వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. దిగేటప్పుడు ఒక చిన్న అడుగు పక్కకి పడింది కూడా. బోర్డు మీద మార్కు చూసి హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజుకల్లా పెద్దమార్కు అది. బుడ్డది పరుగెత్తుకొచ్చి ముందక్క నడుముకి వేలాడింది. అమ్మ కూడా చప్పట్లు కొట్టింది, కానీ ఆ చప్పుడు తన చేతుల్లోంచి వస్తున్నట్టు లేదు. ఇది ఎప్పుడూ ఆడే ఆటే కదా, అయితే ఇన్నాళ్లూ ఏమైంది ఈ మార్కు, ఇప్పుడు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అనుకుంది.

అప్పుడు ఆమె పెద్దజట్టు మేడం కోసం చూసింది. జడ్జిల పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. బూడిదరంగు కోటు హాలు అవతలి మూల, వేరే క్లబ్బు పిల్లల కమ్మీల దగ్గర కనపడింది. ఎప్పుడు లేచి వెళ్లిందో.

"ఆవిడ చూడలేదు," అంది అమ్మ.

"బుడ్డది దిగగానే లేచింది వదినా. నేను చూస్తూనే ఉన్నాను," అంది బుడ్డదాని తల్లి మెల్లగా.

తల్లీకూతుళ్లు ఇంటికి నడిచి వస్తున్నారు. ముందక్క పేవ్‌మెంటు అంచు మీద ఒక పాదం ముందు ఒక పాదం వేస్తూ నడుస్తోంది. అలా నడవడం దానికి మాన్పించలేని అలవాటు.

"నాకు ఆఖర్న ఎక్కడం బాగాలేదమ్మా."

"అంత మార్కు వస్తే బాగాలేదేంటే?"

"బీమ్ వెచ్చగా ఉంది. అందరూ ఎక్కి దిగారుగా. ఎవరో సగం తిని లేచిన పళ్లెం ముందు కూర్చున్నట్టుంది." కొంచెం దూరం నడిచింది. "మొదట ఎక్కితే చల్లగా ఉంటుంది. హాల్లో జనం ఇంకా కబుర్లలోనే ఉంటారు. నేను కాలు పెట్టగానే ఆపుతారు. ఆపించేది నేనే."

అమ్మకి తన కూతురు ఇంత పొడుగు మాట ఎప్పుడు మాట్లాడిందో గుర్తు రాలేదు. "బుడ్డదాని చెవిలో ఏం చెప్పావు?"

"చల్లగానే ఉంటుంది, ముట్టుకుని చూడు అన్నాను."

సోమవారం సాయంత్రం మేడం ఇంటికొచ్చింది. లిఫ్టు చెడిపోయి ఉంది. వంగని మోకాలితో మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, "లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు," అంది. నాన్న సిగ్గుపడి మంచినీళ్లు తెచ్చాడు. మేడం నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, ముందక్క వైపు కాకుండా అమ్మ వైపు చూసి చెప్పింది. "పెద్దజట్టుకి మీ అమ్మాయిని తీసుకున్నారు."

నాన్న గోడకి ఆనుకున్నాడు. అత్తగారు, "నే చెప్పలా," అంది, ఎప్పుడూ ఏమీ చెప్పకపోయినా. అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆవిడ లేచి వెళ్లిపోయిందే. మార్కు ఎవరైనా చెప్పారా?"

"నేనే చెప్పబోయాను. వినలేదు. ఆ బీమ్ తుడిచిన పిల్లని ఇవాళ ఎందుకు వెనక కూర్చోబెట్టావని నన్నే తిట్టింది." మేడం మోకాలు నిమురుకుంది. "ఎవరికీ చెప్పకుండా వచ్చి చాలా పోటీల్లో చూసిందట మీ అమ్మాయిని. ఆవిడ జట్టులో అందరూ ఆఖర్న ఎక్కేవాళ్లే. ప్రతి క్లబ్బులోంచీ ఆఖరిపిల్లనే ఏరుకొచ్చుకున్నారుగా. మొదట ఎక్కమంటే ఒక్కరూ ఎక్కరు, ఎక్కినా పడతారు."

అమ్మ కళ్లు తుడుచుకోవటం ఆపింది.

"అంటే అక్కడా మొదటే," అంది అమ్మ.

"మొదటే."

"అక్కడా మార్కులు తక్కువే."

"తక్కువే. మీ దగ్గర దాచి ఏం చెయ్యను."

"చుట్టూ తిప్పి మళ్లీ అదే మెట్టు మీద కూర్చోబెట్టారన్నమాట," అంది అత్తగారు. ఈసారి ఊరికే అన్నట్టు లేదు. మనవరాలి వైపు చూస్తూ అంది.

మేడం లేచింది. "రేపు పొద్దున హాలు దగ్గరికి వాళ్ల వ్యాను వస్తుంది. వెళ్లాలనుకుంటే ఎక్కడమే. వద్దనుకుంటే మామూలుగా స్కూలుకి వెళ్లడమే, ఎవరూ ఏమీ అనుకోరు." గుమ్మం దగ్గర ఆగి అమ్మతో అంది. "ఈసారి అమ్మాయిని అడగండి."

అడిగింది అమ్మ. మేడం మెట్లు దిగకముందే అడిగింది. "వెళ్తావా?"

"చూస్తా," అంది ముందక్క. అంతే. పుస్తకం తీసుకుని చదువుకుంది, అన్నం తింది, బట్టలు మడతపెట్టుకుంది. ఆ మొహం చూసి నాన్న వెళ్తుందన్నాడు, అదే మొహం చూసి అత్తగారు వెళ్లదంది.

తెల్లవారి అమ్మ లేచి వచ్చేసరికి కూతురు వంటింట్లో నిలబడి పాలు తాగుతోంది. జుట్టు తనే లాగి ముడి వేసుకుంది. ఒక్క పాయ కూడా బయటికి లేదు. నాన్న ఏదో ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయిందని అప్పటికే వెళ్లాడు. అత్తగారు కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది, నిద్రపోతున్నవాళ్లకన్నా గట్టిగా మూసుకుని.

అమ్మ నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. మెలకువ వచ్చినప్పట్నుంచీ ఉంది. కొన్నాళ్లు మొదట ఎక్కు తల్లీ, తర్వాత నేను వచ్చి ఆవిడతో మాట్లాడతాను, వరస మార్చమంటాను. చెప్పడానికి ఒక్క క్షణం చాలు.

ముందక్క గ్లాసు కడిగి బోర్లించింది. ముందుగదిలోకి వచ్చి బూట్లు వేసుకుంది. గోడ కింద రెండు సంచీలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి స్కూలుది, ఒకటి హాలుది. వంగి, హాలు సంచీ తీసి భుజాన వేసుకుంది. స్కూలు సంచీ ఎవరి కాళ్లకీ అడ్డం రాకుండా మూలకి జరిపింది.

లేచి తల ఎత్తింది. అమ్మ నోరు తెరిచింది. కూతురి కళ్లు తన మీదే ఉన్నాయి కానీ అవి మాట కోసం చూస్తున్న కళ్లు కావు, అనుమతి కోసం చూస్తున్నవీ కావు. వాటిలో కోపం లేదు, భయమూ లేదు. నిండా నిద్రపోయి లేచినంత తేటగా ఉన్నాయి. ఇంత దగ్గర్నుంచి ఈ చూపుని అమ్మ ఎప్పుడూ చూడలేదు. రెండోసారి చూడాల్సిన అవసరం కూడా కనపడలేదు.

నోట్లో మాటని అమ్మ మింగేసింది. ఎందుకో నవ్వు వచ్చింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డానని అప్పుడు తెలిసి, పక్కకి జరిగింది. కూతురు భుజం మీద సంచీ పట్టీని ఒకసారి సరిచేసుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా బయటికి నడిచింది.